పాఠం ఇంటికొచ్చింది, పరీక్ష ఎందుకు రాదు?

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లిలో కూర్చున్న అమ్మాయికి ఇవాళ మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ పాఠం అరచేతిలో ఉంది. ఆపి వినొచ్చు, అర్థం కాకపోతే వెనక్కి జరుపుకోవచ్చు, అసైన్‌మెంట్ అర్ధరాత్రి పంపినా అడిగేవారు లేరు. పన్నెండు వారాల కోర్సు ఇల్లు కదలకుండా పూర్తవుతుంది. ఆ తర్వాత ఒక ఆదివారం, మూడు గంటల పరీక్ష కోసం, చీకటితోనే లేచి బస్సెక్కాలి. బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. చిక్కబళ్లాపురం, చింతామణి మీదుగా రైలు మార్గమైనా ఉంది, బాగేపల్లికి అదీ లేదు.

హాల్ టికెట్లు వచ్చే వారం ఈ మూడు ఊళ్లలో కుర్రాళ్లు కలుసుకుంటే మొదట అడిగే మాట సిలబస్ గురించి కాదు. "సెంటర్ యాడ పడిందప్పా?"

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. వందల గంటల వీడియోను ఇంటిదాకా మోసుకొచ్చిన సాంకేతికత మూడు గంటల పరీక్షను ఎందుకు మోయలేకపోతోంది? మోస్తానని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, అవి ఈ గుట్టల మధ్య ఎందుకు తడబడతాయి? దీనికి జవాబు కొంత గణితంలో ఉంది, కొంత రేడియో తరంగాల్లో ఉంది, కొంత మన ఆధార్ కార్డు మీద పేరు రాసిన తీరులో ఉంది.

డిగ్రీ కాగితం వెనక మూడు హామీలు

దూరవిద్యలో విశ్వవిద్యాలయం విద్యార్థిని రోజూ చూడదు. ఎప్పుడు చదివాడో, ఎలా చదివాడో దానికి తెలియదు. అయినా చివర్లో ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని నమ్మి బ్యాంకువాళ్లో, కంపెనీవాళ్లో ఉద్యోగమిస్తారు. ఆ నమ్మకం నిలవాలంటే విశ్వవిద్యాలయం మూడు విషయాలకు పూచీ పడాలి. రాసింది ఆ మనిషే. రాసింది సొంతంగానే. అందరూ ఒకే షరతుల కింద రాశారు. ఈ మూడింటికీ కలిపి కాపలా కాసే మనిషి లేదా యంత్రమే ప్రాక్టర్. మన కాలేజీల్లో ఇన్విజిలేటర్ అంటాం.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన సమస్య కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే తన తలుపులు తెరిచింది. ఎక్కడ చదివినా సరే, పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీ ఇస్తామంది. తర్వాతి దశాబ్దాల్లో సీలు వేసిన ప్రశ్నపత్రాలు ఓడలెక్కి వలస దేశాలకు వెళ్లాయి. చదువును ఎవరికి వారికి వదిలేసినా, పరీక్షను మాత్రం ఆ విశ్వవిద్యాలయం తన చేతుల్లోనే ఉంచుకుంది. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టు పాఠాలు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాద్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో), 1996లో మైసూరులో కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాయి. పాఠం చేరే దారి పోస్టు నుంచి రేడియోకు, టీవీకి, ఫోన్‌కు మారుతూ వచ్చింది. పరీక్ష మాత్రం చాలావరకు ఏదో ఒక కాలేజీ బెంచీ మీదే జరుగుతోంది.

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ కోర్సులను చూడండి. పేరు నమోదు చేసుకోవడం, పాఠాలు వినడం ఉచితం. ఫీజు కట్టాల్సింది పరీక్షకే, అదీ సర్టిఫికెట్ కావాలనుకుంటేనే. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, నిఘాలో రాసే పరీక్షకు 75. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సుదీ అదే తీరు. పాఠాలు ఆన్‌లైన్‌లో వినాలి, క్విజ్‌లు, చివరి పరీక్షలు మాత్రం నేరుగా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఇగ్నోలోనూ చాలా కోర్సులకు అసైన్‌మెంట్ల వాటా 30 శాతమే, మిగతా 70 జూన్‌లోనో డిసెంబర్‌లోనో హాల్లో కూర్చుని సంపాదించుకోవాలి. ఇంట్లో చేసిన పనికి తక్కువ, కళ్లెదుట చేసిన పనికి ఎక్కువ అన్నమాట.

సెంటర్ ఎక్కడ పడాలో తేల్చే లెక్క

పరీక్షా కేంద్రం పెట్టడానికయ్యే ఖర్చులో పెద్ద భాగం రాసేవాళ్ల సంఖ్యతో మారదు. గది, కంప్యూటర్లు, జనరేటర్, సీసీటీవీ, ఒక పరిశీలకుడు, ప్రశ్నపత్రాలకు భద్రత. పదిమంది రాసినా ఇవి కావాలి, రెండు వందల మంది రాసినా కావాలి. లెక్క కోసం ఒక పూటకు స్థిరమైన ఖర్చు 20,000 రూపాయలు అనుకుందాం. పదిమందే వస్తే తలకు 2,000 పడుతుంది. రెండు వందల మంది వస్తే తలకు వంద. అందుకే నిర్వాహకులు ఒక కనీస సంఖ్య పెట్టుకుంటారు. అంతమంది కోరుకోని ఊరిని పక్క ఊరితో కలిపేస్తారు. ఆ పక్క ఊరు ఇక్కడ చాలాసార్లు బెంగళూరే అవుతుంది.

తర్వాత కంప్యూటర్ సీట్లు పంచుతుంది. ప్రతి అభ్యర్థీ రెండు మూడు ఊళ్లు వరసగా కోరుకుంటాడు. ప్రతి సెంటర్‌లో సీట్లు ఇన్నేనని ఉంటుంది. వీలైనంత మందికి మొదటి కోరిక దక్కేలా, ఏ గదీ పొంగిపోకుండా సర్దాలి. దగ్గరి ఊళ్లో సీట్లు తక్కువైతే అవి ముందు నిండిపోతాయి. ఆలస్యంగా ఫీజు కట్టినవాడికి దూరం మిగులుతుంది. చివరి తేదీ దాకా ఆగితే పడే అసలు జరిమానా ఆలస్య రుసుము కాదు, ఆ బస్సు ప్రయాణమే.

ఇందులో పైకి కనపడని మెలిక ఇంకొకటి ఉంది. దరఖాస్తులో ఊళ్ల జాబితా ముందే తయారై ఉంటుంది. అందులో బాగేపల్లి లేకపోతే బాగేపల్లి విద్యార్థి బెంగళూరునో చిక్కబళ్లాపురాన్నో ఎంచుకుంటాడు. నిర్వాహకుల కంప్యూటర్‌లో అది బెంగళూరుకు ఒక ఓటుగా నమోదవుతుంది. వచ్చే ఏడాది గణాంకాలు చూస్తే బాగేపల్లిని కోరుకున్నవాళ్లు సున్నా. కాబట్టి మళ్లీ జాబితాలో ఉండదు. అవసరం లేక కాదు, అవసరం చెప్పుకునే గడి లేక. ఈ వలయం దానంతటదే తెగదు. విద్యార్థులు విడివిడిగా ఫారాలు నింపితే సరిపోదు. ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి విశ్వవిద్యాలయం ప్రాంతీయ కేంద్రానికి ముందుగా చెప్పాలి.

పరీక్ష గదికి ఇంటర్నెట్ పోయినా పర్లేదు, ఎందుకని?

కంప్యూటర్ మీద రాసే పరీక్ష అనగానే ఆ సమయమంతా ఇంటర్నెట్ నడవాలని అనుకుంటాం. చాలా వ్యవస్థల్లో అలా ఉండదు. ప్రశ్నపత్రం ముందుగానే సంకేతలిపిలో సెంటర్‌లోని సర్వర్‌కు చేరిపోతుంది. అప్పుడు దాన్ని తెరిచి చూసినా అర్థంలేని అక్షరాలే కనపడతాయి. మొదలయ్యే వేళ దగ్గరపడ్డాకే దాన్ని విప్పే రహస్య సంఖ్య వస్తుంది. ఆపైన అభ్యర్థి ముందున్న కంప్యూటర్ మాట్లాడేది అదే గదిలోనో పక్క గదిలోనో ఉన్న సర్వర్‌తోనే.

మీరొక జవాబు నొక్కగానే అది ఆ సర్వర్‌లో భద్రమవుతుంది. మీ ముందున్న కంప్యూటర్ మొరాయిస్తే ఇంకోదాని దగ్గర కూర్చోబెడతారు. అప్పటిదాకా నొక్కిన జవాబులు, మిగిలిన సమయం రెండూ అక్కడ ప్రత్యక్షమవుతాయి. పక్కవాడి తెరలోకి తొంగిచూసినా ప్రశ్నల వరస వేరు, జవాబుల వరస వేరు. మీ ఏడో ప్రశ్న అతనికి ముప్పై రెండోది కావచ్చు.

అంటే సెంటర్ చేసే పని కాపలా ఒక్కటే కాదు. కరెంటు, నెట్‌వర్క్, యంత్రం, ఈ మూడు నమ్మలేని విషయాలను పరీక్ష రాసేవాడి నెత్తిన పడకుండా అది తన మీద వేసుకుంటుంది. ఇంటి నుంచి పరీక్ష రాయడం అంటే ఆ మూడింటినీ విద్యార్థే భరించడం.

ఇంటికొచ్చే నిఘా ఏం చూస్తుంది?

కోవిడ్ కాలంలో ఇంటి నుంచి రాసే పరీక్షలు ఒక్కసారిగా పెరిగాయి. వాటిలో మూడు రకాలున్నాయి. మొదటిదాంట్లో ఎక్కడో కూర్చున్న మనిషి మీ కెమెరాను ప్రత్యక్షంగా చూస్తాడు. రెండోదాంట్లో అంతా రికార్డయి తర్వాత ఎవరో పరిశీలిస్తారు. మూడోదాంట్లో సాఫ్ట్‌వేర్ చూసి అనుమానం వచ్చిన చోట గుర్తు పెడుతుంది. నిజానికి చాలా సంస్థలు ఈ మూడింటినీ కలిపి వాడతాయి.

మొదటి మెట్టు, మనిషిని గుర్తించడం. కెమెరా తీసిన ముఖాన్ని సాఫ్ట్‌వేర్ బొమ్మగా దాచుకుని పోల్చదు. కళ్లు, ముక్కు, దవడల ఆకృతిని కొన్ని వందల సంఖ్యల వరసగా మారుస్తుంది. మీ గుర్తింపు కార్డు ఫొటోను కూడా అలాంటి వరసగానే మారుస్తుంది. రెండు వరసలూ ఎంత దగ్గరగా ఉన్నాయో కొలుస్తుంది. ఒక హద్దు కంటే దగ్గరైతే అదే మనిషి, దూరమైతే వేరే మనిషి. ఆ హద్దును బిగిస్తే అసలు మనిషినే గుమ్మంలో ఆపేస్తుంది. వదులు చేస్తే అన్న బదులు తమ్ముడు కూర్చున్నా ఒప్పేసుకుంటుంది. రెండు తప్పులూ లేని హద్దు ఎక్కడా లేదు. ఏ తప్పును ఎక్కువ సహించాలో మనుషులే తేల్చుకోవాలి.

ఆ సంఖ్యలు సరిగా రావాలంటే వెలుతురు కావాలి. వెనక కిటికీ తెరిచి ఉంటే ముఖం నీడలో పడి కొలతలు చెదిరిపోతాయి. ఆధార్ ఫొటో పదేళ్ల కిందటిదైతే, అప్పటికి మీసం కూడా రాకపోతే, అంతరం ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు శిక్షణ లోపం ఒకటుంది. 2018లో జాయ్ బువోలమ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. లేత చర్మపు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురు చర్మపు మహిళల విషయంలో అవి ఒక సాఫ్ట్‌వేర్‌లో 34.7 శాతం దాకా వెళ్లాయి. యంత్రానికి ఎక్కువగా చూపించిన ముఖాలే దానికి బాగా వచ్చాయి.

రెండో మెట్టు, నడవడి. చూపు తెర మీంచి ఎంతసేపు పక్కకు పోయింది, ఫ్రేములోకి ఇంకో ముఖం వచ్చిందా, రెండో గొంతు వినపడిందా అని గమనిస్తుంది. మూడో మెట్టు, కంప్యూటర్‌ను కట్టడి చేయడం. ప్రత్యేక బ్రౌజర్ ఇంకో కిటికీ తెరవనివ్వదు, కాపీ పేస్ట్ చేయనివ్వదు, రెండో మానిటర్ తగిలిస్తే పసిగడుతుంది.

అయితే నాలుగ్గదుల ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషి ఎలా ఉంటాడో దాన్ని బట్టి ఈ నడవడి నమూనా తయారైనట్టుంటుంది. చింతామణి పక్క పల్లెలో ఒకే గది ఇల్లు, వంటింట్లో కుక్కర్ విజిల్, వీధిలో గుడి మైకు, "ఏమ్మా, ఇంగా అయిపోలేదా?" అంటూ తలుపు తీసే అవ్వ. వీటిలో మోసం ఒక్కటీ లేదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో మాత్రం ప్రతిదీ ఒక గుర్తు.

▣ లెక్క చూద్దాం: పట్టుబడినవాళ్లలో దోషులెందరు?

వెయ్యిమంది పరీక్ష రాశారు. వాళ్లలో నిజంగా కాపీ కొట్టినవాళ్లు 20 మంది అనుకుందాం.

సాఫ్ట్‌వేర్ చాలా మంచిదే అనుకుందాం. దొంగల్లో నూటికి 90 మందిని పడుతుంది. నిజాయితీపరుల్లో నూటికి ఐదుగురినే పొరపాటున అనుమానిస్తుంది.

దొంగల్లో దొరికేది: 20లో 18 మంది.
నిజాయితీపరుల్లో అనుమానితులు: 980లో 49 మంది.
మొత్తం గుర్తు పడినవాళ్లు: 67 మంది.

ఆ 67 మందిలో 49 మంది ఏ తప్పూ చేయనివాళ్లు. అంటే నూటికి 73 మంది. సాఫ్ట్‌వేర్ పాడైపోయి ఇలా జరగలేదు. మంచివాళ్లు సంఖ్యలో చాలా ఎక్కువ కాబట్టి, వాళ్ల మీద జరిగే చిన్న శాతం పొరపాటు కూడా దొంగల సంఖ్యను మించిపోతుంది. అందుకే యంత్రం పెట్టిన గుర్తును తీర్పుగా తీసుకోకూడదు. అది ఇంకోసారి చూడమని మనిషికిచ్చే సూచన మాత్రమే.

ఇది పైకి తేలికపాటి అంకగణితమే. నిజంలో పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉండవచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంవాళ్లు 2021లో 30 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఆరుగురిని కావాలనే కాపీ కొట్టమన్నారు. వాళ్లు పరీక్షించిన నిఘా సాఫ్ట్‌వేర్ ఆ ఆరుగురిలో ఒక్కరినీ అనుమానించలేదు. చిన్న ప్రయోగమే, ఒక్కదాన్ని పట్టుకుని అన్ని సాఫ్ట్‌వేర్లనూ తీసిపారేయలేం. అయినా ముందే సిద్ధమై మోసం చేసేవాడు తప్పించుకోవచ్చని, ఏర్పాట్లు లేని ఇంట్లో నిజాయితీగా రాసేవాడు దొరికిపోవచ్చని పై లెక్కనూ ఈ ప్రయోగాన్నీ కలిపి చూస్తే అనుమానించక తప్పదు.

డేటా ఉంది, అయినా లైన్ తెగింది

పరీక్షకు ఎంత డేటా కావాలి? కెమెరా వీడియో సెకనుకు 5 లక్షల బిట్ల చొప్పున వెళుతుందనుకుంటే మూడు గంటలకు సుమారు 675 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో సగం కూడా కాదు. మరి లైన్ ఎందుకు తెగుతుంది?

ఈ జిల్లా రైతుకు చెప్పాల్సిన పని లేదు. బోరు నీళ్లతో నింపిన సంపు నిండుగా ఉండవచ్చు, డ్రిప్ పైపులో ఒత్తిడి మాటిమాటికీ పడిపోతే చివరి వరస ద్రాక్ష తీగకు నీరందదు. నిఘా పరీక్షకు కావలసింది కూడా నిలకడైన ఒత్తిడే, అదీ మన ఇంటి నుంచి బయటికి వెళ్లే దిశలో.

బయటికి వెళ్లే దిశ అన్నచోటే అసలు ఇబ్బంది. మనం సినిమా చూసేటప్పుడు డేటా టవర్ నుంచి ఫోన్‌కు వస్తుంది. పరీక్షలో ఫోన్ నుంచి టవర్‌కు పోవాలి. టవర్ పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. ఫోన్ గరిష్ఠంగా వాడేది వాట్‌లో ఐదో వంతు. ఎక్కువ వాడితే బ్యాటరీ నిలవదు, శరీరానికి దగ్గరగా ఉండే పరికరానికి భద్రతా పరిమితులూ ఉన్నాయి. కాబట్టి టవర్‌కు దూరంగా ఉన్న ఊళ్లో టవర్ పంపింది ఫోన్‌కు అందుతుంది, ఫోన్ పంపింది టవర్‌కు అందీ అందనట్టు ఉంటుంది. పైగా జనం ఎక్కువగా చూసేవాళ్లే, పంపేవాళ్లు తక్కువ. అందుకే కొన్ని రకాల నెట్‌వర్క్‌లు సమయంలో పెద్ద వాటా డౌన్‌లోడ్‌కే కేటాయిస్తాయి.

ఇక గుట్టలు. 1,478 మీటర్ల నందికొండ నుంచి బాగేపల్లి, గుడిబండ వైపు రాతి గుట్టల దాకా ఈ నేలంతా ఎగుడుదిగుడే. 4జీ వాడే తరంగాలు గుట్ట అంచు మీంచి కొద్దిగానే వంగుతాయి, రాతిని దాటవు. గుట్టకు ఇవతల నాలుగు గీతల సిగ్నల్, అవతల ఒకటి. అందుకే స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 20 చూసి మురిసిపోకూడదు. చూడాల్సింది అప్‌లోడ్ అంకె. దాన్ని కూడా పరీక్ష జరిగే వేళకే, వరసగా కొన్ని రోజులు చూడాలి.

అన్ని సంస్థల నిఘా ఒకేలా ఉండదు. కొన్ని ప్రత్యక్ష వీడియో కోరతాయి, లైన్ తెగితే పరీక్ష ఆగిపోతుంది. కొన్ని మీ కంప్యూటర్‌లోనే రికార్డు చేసుకుని, నెట్ వచ్చినప్పుడు మెల్లగా పంపుకుంటాయి. ఈ రెండో రకం పల్లె నెట్‌కు చాలా నయం. చేరేముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి.

పేరు కలవకపోతే గేటు తెరుచుకోదు

ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బడి కన్నడం, దరఖాస్తు ఇంగ్లీషు. ఒకే పేరు మూడు లిపుల మీదుగా ప్రయాణించి ఒక్కో కార్డు మీద ఒక్కోలా తేలుతుంది. ఎస్ఎస్ఎల్‌సీ మార్క్స్ కార్డులో ఇంటిపేరు, తండ్రి పేరు పొడి అక్షరాలుగా ముందు ఉంటాయి. ఆధార్‌లో అవి వెనక్కి పోతాయి, లేదా పూర్తిగా విడిపోతాయి. ఒకదాంట్లో మంజునాథ, ఇంకోదాంట్లో మంజునాథ్. మనిషి చూస్తే ఒకే పేరని ఇట్టే పోల్చుకుంటాడు. కంప్యూటర్ అక్షరం అక్షరం సరిచూస్తుంది. చివరి అకారం ఒక్కటి తేడా వచ్చినా అది వేరే మనిషి.

జిల్లా పేరుదీ ఇదే గొడవ. చిక్కబళ్లాపురం జిల్లా 2007లో కోలారు నుంచి విడిపోయింది. అంతకుముందు పుట్టినవాళ్ల పాత కాగితాల మీద కోలారు ఉంటుంది, కొత్త వాటి మీద చిక్కబళ్లాపురం. దాని ఇంగ్లీషు స్పెల్లింగే రెండు మూడు రకాలు. చిరునామా రుజువు అడిగే చోట ఈ తేడాలన్నీ ఒకేసారి బయటపడతాయి. హాల్ టికెట్ వచ్చాక దిద్దుకోవడానికి సమయం చాలదు. చేరే రోజే ఏ కార్డు మీద ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, పరీక్షకు ఏది చూపిస్తామో దాని ప్రకారమే నమోదు చేయించుకోవాలి.

సరిహద్దు దాటని సెంటర్లు

బాగేపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్. తెలుగులో డిగ్రీ రాయాలనుకునేవాళ్లకు ఆ వైపు సార్వత్రిక విద్య ఆశ పెడుతుంది. అయితే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి దూరవిద్య కేంద్రాలు పెట్టకూడదు. కాబట్టి ఆ పరీక్షకు ఈవలి తాలూకాలో సెంటర్ పడే ప్రసక్తే లేదు. ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కర్ణాటక సార్వత్రిక విశ్వవిద్యాలయం పరిధి దాటి కోర్సులు నడిపిందన్న వివాదంలో 2015లో గుర్తింపు కోల్పోయింది. మళ్లీ 2018లో గానీ రాలేదు. మధ్యలో నలిగింది విద్యార్థులే.

పూర్తి ఆన్‌లైన్ డిగ్రీలకు ఈ పరిధి నియమం లేదు. యూజీసీ 2020 నిబంధనలు సాంకేతిక నిఘాలో పరీక్షలు పెట్టుకోవడానికీ వీలిచ్చాయి. ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనల్లో 'ఇంటి నుంచే పరీక్ష' అన్న మాట ఎక్కువగా కనపడటానికి ఇదొక కారణం.

విదేశీ విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లకు ఇంకో దారి ఉంటుంది. కొన్ని సంస్థలు ప్రాక్టర్‌ను విద్యార్థినే వెతుక్కోమంటాయి. షరతులు మామూలుగా ఇవి: బంధువు కాకూడదు, స్నేహితుడు కాకూడదు, ఏదో విద్యాసంస్థలోనో గ్రంథాలయంలోనో పనిచేస్తూ ఆ సంస్థ ఈమెయిల్ వాడుతూ ఉండాలి. ప్రశ్నపత్రం విద్యార్థికి రాదు, ఆ మెయిల్‌కే వస్తుంది. సొంత జీమెయిల్ ఇస్తే ఒప్పుకోకపోవడానికి కారణం అదే. ఎవరైనా ఎవరి పేరుతోనైనా జీమెయిల్ తెరవొచ్చు, కాలేజీ మెయిల్ మాత్రం కాలేజీయే ఇవ్వాలి. చింతామణిలోనో చిక్కబళ్లాపురంలోనో కాలేజీ లైబ్రేరియన్‌ను అడగదలిస్తే ముందు ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసి, విశ్వవిద్యాలయం నియమాల కాపీ జతచేసి, తేదీ, సమయం చెప్పడం మర్యాదా, పని జరిగే దారీ.

▣ ఏర్పాట్లు ఏ వరసలో చేసుకోవాలి?

*చేరేముందు:* పరీక్ష నేరుగానా, ఇంటి నుంచా? నేరుగా అయితే గత పరీక్షల్లో జిల్లాలో సెంటర్ ఉందా? ఇంటి నుంచైతే ఫోన్ ఒప్పుకుంటారా, ల్యాప్‌టాప్ తప్పనిసరా? లైన్ తెగితే ఏం చేస్తారు?

*చేరగానే:* మార్క్స్ కార్డు, ఆధార్, దరఖాస్తుల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూసుకోండి. దివ్యాంగులైతే సహాయకుడి కోసం, అదనపు సమయం కోసం ఇప్పుడే అర్జీ పెట్టండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు.

*పరీక్ష ఫారం తెరవగానే:* మొదటి రోజుల్లోనే ఫీజు కట్టి ఊరు ఎంచుకోండి. రసీదు దాచుకోండి.

*హాల్ టికెట్ వచ్చాక:* సెంటర్ పేరు కాదు, పూర్తి చిరునామా చదవండి. బెంగళూరులో ఒకే పేరుతో రెండు మూడు శాఖలున్న కాలేజీలు చాలా ఉన్నాయి.

*ఇంటి నుంచి రాస్తుంటే:* మాక్ టెస్ట్ అదే గదిలో, అదే వేళకు, అదే లైన్ మీద రాయండి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. రౌటర్ తినే కరెంటు చాలా తక్కువ, చిన్న యూపీఎస్ తగిలిస్తే కోతలో కూడా నడుస్తుంది. రెండో కంపెనీ సిమ్ సిద్ధంగా ఉంచుకోండి.

*ఏదైనా తేడా వస్తే:* ఆ నిమిషం రాసుకోండి, తెర ఫొటోకు అనుమతి ఉంటే తీయండి, అదే రోజు ఫిర్యాదు పంపి దాని నంబరు దాచుకోండి. ప్రాక్టర్ దగ్గర రికార్డు ఉంటుంది, మీ దగ్గర కూడా ఉండాలి.

ఖర్చు ఎవరి ఖాతాలో?

నిఘాకు ఇంకో ఖరీదు ఉంది, అది గోప్యత. పరీక్షకు ముందు గదంతా కెమెరాలో తిప్పి చూపించమంటారు. అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం అలా అడగడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో ఒహాయో ఫెడరల్ కోర్టు తేల్చింది. మన దగ్గర 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మీ ముఖం కొలతలు ఎంతకాలం దాచుకుంటారు, ఎవరికిస్తారు అని అడిగే అవకాశం విద్యార్థికి ఉండాలి. ఒకే గది ఇంట్లో పడుకున్న తాతను, ఆరేసిన బట్టలను ఎవరో తెలియని మనిషికి చూపించాల్సి రావడం చిన్న విషయం కాదు.

ఇన్నిటినీ కలిపి చూస్తే ఒకటి తేటపడుతుంది. దూరవిద్య దూరాన్ని రద్దు చేయలేదు, చివరి రోజుకు వాయిదా వేసింది. ఆ రోజు దాన్ని ఎవరో ఒకరు భరించాలి. బెంగళూరులో సెంటర్ పెడితే విద్యార్థి బస్సు చార్జీగా, నిద్రలేని రాత్రిగా కడతాడు. ఇంటికి కెమెరా పంపితే అప్‌లోడ్‌గా, గోప్యతగా, తప్పుడు అనుమానంగా కడతాడు. తాలూకా ఊళ్లో గది తెరిస్తే సంస్థ కడుతుంది, అది చాలామంది పంచుకున్న ఖర్చు కాబట్టి తలకు పడేది తక్కువ.

ఈ జిల్లాకు ఆ సంగతి కొత్తేమీ కాదు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య చదువు కోసం బెంగళూరు దాకా నడిచి వెళ్లిన మనిషి. తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆయన జీవితమంతా పనిచేసిన నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ గౌరిబిదనూరులో, బాగేపల్లిలో కాలేజీలు తెరిచింది. పిల్లలను ఊరికి దూరంగా నడిపించడం కంటే కాలేజీని ఊరికి తేవడం చవక అన్న లెక్క అది.

పరీక్షకూ అదే లెక్క వర్తిస్తుంది. తాలూకా కేంద్రాల్లో డిగ్రీ కాలేజీలున్నాయి, కంప్యూటర్ ల్యాబ్‌లున్నాయి, ఆదివారాలు వాటికి తాళాలే. ఒక సర్వర్, జనరేటర్, నాలుగు కెమెరాలు, బయటినుంచి వచ్చే ఒక పరిశీలకుడు ఉంటే అదే గదిలో ఒక ఆదివారం ఒక సంస్థ పరీక్ష, ఇంకో ఆదివారం ఇంకో సంస్థ పరీక్ష జరుపుకోవచ్చు. ఒక్కో సంస్థకు చాలని సంఖ్య నాలుగైదు సంస్థలు కలిస్తే చాలుతుంది. దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, సంఖ్య చూపించాలి అంతే. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురాల్లో ఎవరెవరు ఏ విశ్వవిద్యాలయంలో దూరవిద్య చదువుతున్నారో ఒక పట్టిక రాసి, కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో, ఊళ్ల జాబితా ఖరారు కాకముందే ప్రాంతీయ కేంద్రాలకు పంపాలి. ఫారంలో మన ఊరి పేరుకు గడి లేనప్పుడు, ఆ పట్టికే మన గడి.